తలుపు దగ్గర నిలబడ్డాయన

నా కుడిచెయ్యి వణుకుతుందని ఈ సౌదీ కంపెనీలో తెలిసిందంటే వీసా మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తారు. అది పార్కిన్సన్స్ అని, సెలవుకెళ్లినప్పుడు నెల్లూరు డాక్టరు చెప్పాడు. దమ్మామ్‌లో మా గోడౌనులో ఆ పేరు తిరిగే నోరు లేదు గనక దాచడం సులువే. చెయ్యి జేబులో పెట్టుకుంటాను. పొగరనుకుంటారు. అనుకోనీ.

మందులతోపాటు కసరత్తు చెయ్యాలట. అది ఫోన్లో నేర్పుతారు. ఫిజియోథెరపిస్టు సుజిత నెల్లూరు నుంచి శుక్రవారం పొద్దున క్లాసు పెడుతుంది. తెరమీద గళ్లలో రిటైరైన హెడ్మాస్టర్లు, బ్యాంకు మేనేజర్లు, వాళ్ల వెనక సోఫాలు. నా గడిలో ఇనప మంచాలు, ఆరేసిన లుంగీలు. జబ్బు మాత్రం అందరికీ ఒకటే.

మనిషి నిలువునా కనపడాలంటుంది. అందుకని ఫోను ఫ్రిజ్ మీద పెడతాను. పడిపోతే పట్టుకోడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలంటుంది. పక్క మంచం వాడు, కడప ఖాసిం, ఉంటాడు. గదిలో సంగతి తెలిసినవాడు వాడొక్కడే. మిగతావాళ్లు ఆ టైముకు బజారు పోతారు.

"చేతులు ఇంకా పెద్దగా చాచండి బాబాయ్. గట్టిగా లెక్కపెట్టండి, గొంతుకూ కసరత్తు కావాలి," అంది సుజిత ఆ శుక్రవారం.

అరిచాను.

"అన్నా, ఈత కొడతాండావో, ఎవురినన్నా కొట్టను పోతాండావో తెలీకుండా ఉండాది," అన్నాడు ఖాసిం.

ఆ అరుపుకి క్యాంపు బాస్ లింబాద్రి తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. జగిత్యాల మనిషి. ఎవడు తాగాడు, ఎవడికి జ్వరం, అన్నీ ఆఫీసుకు మోసేది ఆయనే.

"ఏందే చెంచయ్యా, గీ లొల్లేంది? చెయ్యెందుకు గట్ల వణుకుతుంది?"

"యోగా సార్," అన్నాడు ఖాసిం.

"యోగా కాదండీ, పార్కిన్సన్స్ వాళ్ల క్లాసు," అంది ఫోన్లోంచి సుజిత. నేను ఇన్నాళ్లు దాచింది బయటపడిపోయింది. "తలుపు దగ్గర నిలబడ్డాయనా, మీరు కొత్తగా చేరారా? నడిచొస్తుంటే మీ ఎడంచెయ్యి ఊగలేదు. బొటనవేలూ చూపుడువేలూ తట్టి చూపించండి."

డాక్టరమ్మ గొంతుకు ఎవడైనా లొంగుతాడు. లింబాద్రి తట్టాడు. కుడిచెయ్యి బాగానే ఆడింది. ఎడంచెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"ఏసీల పండి పట్టేసిందమ్మా."

"వాసన తెలుస్తోందా?" నెల్లూరు డాక్టరు నన్నూ మొదట ఇదే అడిగాడు.

"మా క్యాంపుల తెల్వకపోవుడే మంచిది."

"చొక్కా గుండీలు పెట్టుకోడం ఆలస్యమవుతోందా?"

ఆయన తన టీషర్టు వంక చూసుకున్నాడు. కొన్నాళ్లుగా టీషర్టులే వేస్తున్నాడు.

"జబ్బని నేను చెప్పలేనండీ. డాక్టరుకు చూపించుకోండి. ఈలోగా కసరత్తు చేస్తే నష్టం లేదు."

లింబాద్రి వెనక్కెళ్లి తలుపుకు గడియ పెట్టొచ్చాడు.

"ఆఫీసుల ఎవ్వలికి చెప్పకు," అన్నాడు నాతో.

నేను కాళ్లు పట్టుకుని అడగాల్సిన మాట అది.

"నాది మీరు చెప్తే మీది నేను చెప్తా సార్," అన్నాను.

"ఇద్దురూ ఒకే ఫ్లైట్లో పోతారు," అన్నాడు ఖాసిం.

"ఆయన పక్కన మనిషేడీ?" అని సుజిత అడిగింది. ఖాసిం నా భుజం వదల్లేదు. లింబాద్రి గది నాలుగు మూలలూ చూశాడు. ఎవరూ లేరు.

"మంచం పట్టుకో," అన్నాను. సార్ అనలేదు. అదేంటని ఆయనా అడగలేదు. పట్టుకున్నాడు.