‘వ’కు రెండు కొమ్ములు

ఆ వీధిలో ఆమె ఇంటిని ‘సంత’ అనేవారు. ఏడుగురు పిల్లలున్న ఇంటికి ఆ పేరు పెట్టడానికి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఆ వీధివారికి బద్దలు కొట్టుకునేంత బుర్రా లేదు. ఆమె గోడల మీద అక్షరాలు రాసేది. మొదట ఆ పని భర్తది. ఆయన నిచ్చెన మీది నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక, కూర్చుని రంగులు కలపడం ఆయన వంతు, ఎక్కి రాయడం ఆమె వంతు అయ్యాయి.

బడి ప్రహరీ మీద ‘మూడో బిడ్డ వద్దు’ అని బారెడేసి ఎర్రటి అక్షరాలతో రాసింది ఆమే. రాసేనాటికి కడుపులో ఉన్నది నాలుగో బిడ్డ. మందుల షాపాయన కొట్టు వదిలి వచ్చి మరీ నిలబడ్డాడు.

“ఏమ్మా, గోడకి చెబుతున్నావా, కడుపుకి చెబుతున్నావా?”

“గోడకే అన్నయ్యా. కూలి గోడకే ఇచ్చారు,” అని ఆమె కుంచె ముంచుకుంది.

ఆ ముచ్చటను వీధి ఏళ్ళ తరబడి నమిలింది.

తరవాత ప్రభుత్వానికి జ్ఞానోదయమైంది. దేశంలో చేతికర్రలు ఎక్కువయ్యాయట, ఉయ్యాలలు తక్కువయ్యాయట. మూడో బిడ్డ మొదలుకొని ప్రతి బిడ్డకూ నెలనెలా భత్యం ఇస్తామని చాటింపు వేసింది. దానితో వీధివారి జాలి కాస్తా ఇగిరిపోయింది. “ఇంతమందికి ఏం పెట్టి పెంచుతుందో పాపం” అన్న నోళ్ళే, “మన డబ్బుతో పెంచుతోంది మహాతల్లి” అనసాగాయి. పెట్టలేకపోతే పాపం, పెట్టగలిగితే నేరం.

అందరిలోకీ ఎక్కువ మండిపడ్డవారు వీధి సంఘం అధ్యక్షులవారు. ఆమె అద్దెకున్న రెండు గదులూ ఆయనవే. ప్రభుత్వ కార్యాలయంలో ఒక కుర్చీని జీవితమంతా అరగదీసి, ఆ అరుగుదలకు పరిహారంగా పింఛను పుచ్చుకుంటున్న మనిషి. అదీ ప్రజల సొమ్మే కదా అన్న సందేహం ఆయనకు ఏనాడూ కలగలేదు. ఆయన నిఘంటువులో ప్రజల సొమ్ము అంటే తనకు రాని సొమ్ము.

ఆదివారం ఆయన ముందుగదిలో సంఘం సమావేశమైంది. ఆమెను పిలిపించారు. కుర్చీ చూపలేదు.

“చూడమ్మా, ఈ వీధికో పరువుంది,” అన్నారు అధ్యక్షులవారు. “ఇక మీద పిల్లల్ని కననని అందరి ముందూ ఓ మాటివ్వు. లేదంటే నెలాఖరుకి గదులు ఖాళీ చెయ్యి.”

ఏడుగురు పిల్లలనగానే తలుపు మూసే ఊరు అది. ఈ గదులు దొరికేసరికే కాళ్ళరిగాయి. మెట్లు లేని ఇల్లు కనుకే భర్త కర్ర ఊతంతో బయటి వెలుతురు చూడగలుగుతున్నాడు. అయినా తన భయాన్ని ఆ గదిలో పరచడానికి ఆమెకు మనసొప్పలేదు.

“ఆ మాట ఎవరికివ్వాలండీ? మీకా, మా ఆయనకా?”

ఎవరో కిసుక్కుమన్నారు. మందుల షాపాయన గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. “వేళాకోళాలొద్దు చెల్లెమ్మా. భత్యం కోసం కాకపోతే ఈ రోజుల్లో ఇంతమందిని ఎవరు కంటారు?”

“భత్యం నిన్నగాక మొన్నొచ్చింది. మా పెద్దాడికి మీసాలొచ్చాయి. ముందు ముందు భత్యమిస్తారని వాడు కడుపులోనే కనిపెట్టి వచ్చాడంటారా?”

“నోరు చూశారా! నాలుగు రాళ్ళొచ్చేసరికి కొమ్ములొచ్చాయి,” అంది వెనక నుంచి ఒకావిడ.

ఆమె మాటివ్వలేదు. ఖాళీ చేయించాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

మర్నాడు పురపాలక కార్యాలయం ఆమెకు పని చెప్పింది: బడి గోడ మీది పాత రాత చెరిపి ‘మూడో బిడ్డ ముద్దు’ అని రాయాలి. భర్త సున్నం కలపబోతుంటే ఆమె ఆపింది. గోడ ముందు నిలబడి ‘వద్దు’లోని ‘వ’ను కాసేపు చూసింది. దానికి పక్కన ఒక కొమ్ము తగిలిస్తే ‘మ’. ఇంకో కొమ్ము తగిలిస్తే ‘ము’. నిచ్చెన వేసి, కొమ్ములు రెండూ దిద్ది దిగింది. ఇన్నేళ్ళు ఊరికి బుద్ధి చెప్పిన రాజనీతి తిరగబడడానికి గరిటెడు రంగు సరిపోయింది.

“అయిపోయిందా?” అన్నాడు భర్త నమ్మలేక.

“ఆఁ. ప్రభుత్వానికీ కొమ్ములొచ్చాయి. ఇక కుంచెలు కడుక్కోవడమే.”

ఆ సాయంత్రమే అధ్యక్షులవారు ఆమె గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. గొంతు నిండా పంచదార పాకం.

“అమ్మాయీ, నీతో చిన్న పనుంది. మా పెరటి గోడ మీద కూడా అదే రాయాలి. వంటింటి కిటికీలోంచి బాగా కనబడాలి.”

“పెరట్లో ఎవరు చదువుతారండీ?”

ఆయన అటూ ఇటూ చూశారు. “మా కోడలు. ఇద్దరు చాలని మొండికేసింది. వచ్చే భత్యాన్ని కాలదన్నుకుంటామా? నేను నోరు తెరిచి చెబితే బాగుండదు. గోడ చెబితే గౌరవంగా ఉంటుంది.”

ఆమె నవ్వు మింగింది. “రాద్దును గానీ, నెలాఖరుకి ఖాళీ చేసేవాళ్ళం. సామాన్లు సర్దుకోవాలా, నిచ్చెనెక్కాలా?”

“ఖాళీ ఏమిటమ్మా? ఎవరన్నారు?”

“మీరేనండీ.”

“అది సంఘం అంది. సంఘం వేరు, నేను వేరు. సంఘానికి నేను నచ్చచెబుతాగా.”

“అందరి ముందూ చెప్పండి. మాటిచ్చే పద్ధతి మీరే నేర్పారు.”

మళ్ళీ ఆదివారం, అదే గదిలో, అదే ఏకగ్రీవంతో, పెద్ద కుటుంబం వీధికి అలంకారమని తేలింది. ఆ గదులు ఆమె ఉంటానన్నన్నాళ్ళూ ఆమెవేనని, అద్దె కూడా పెంచనని అధ్యక్షులవారు నిలబడి పలికారు. మందుల షాపాయన అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. కొమ్ముల గురించి మాట్లాడినావిడ ఆమెకు తన కుర్చీ ఇచ్చింది.

పెరటి గోడకు ఆమె దారం పట్టి గీతలు కొడుతుంటే, కోడలు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.

“అక్కా, అంట్లు తోముకుంటూ రోజూ దీని మొహం చూడాలా నేను?”

“నీకేం కావాలమ్మా?”

“నాకు ఇద్దరు చాలక్కా. నీకు కావాలనిపించింది, కన్నావు. నాకు చాలనిపించింది. అంతేగా?”

“అంతే. మధ్యలో వీళ్ళకేం పనో ఏడు కాన్పులైనా నాకు బోధపడలేదు.”

ఆమె ‘మూడో బిడ్డ వద్దు’ అన్నంత మేరా నూనె రంగుతో రాసింది. తరవాత, పిల్లలు బొమ్మలకు వాడే నీళ్ళ రంగు డబ్బా తీసి కొమ్ములు రెండూ దిద్దింది. ఎండలో రెండూ ఒకే ఎరుపు. అధ్యక్షులవారు నాలుగడుగులు వెనక్కి వేసి మురిసిపోయారు.

“భేష్! ఎన్నాళ్ళుంటుందేం?”

“అక్షరానికి ఢోకా లేదండీ,” అంది ఆమె. కొమ్ముల సంగతి ఆయన అడగలేదు.

మొదటి వాన పడ్డ మర్నాటి ఉదయం అధ్యక్షులవారు పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వచ్చి గోడను చూశారు. నురగ నిండిన నోటితో ‘సంత’ ఇంటి వైపు రెండడుగులు వేశారు. అందరి ముందూ పలికిన మాట కాళ్ళకు అడ్డం పడినట్టుంది, ఆగిపోయారు.

వంటింటి కిటికీలో కోడలు గిన్నె తోముతూ, వీధికంతా వినబడేలా గోడను చదివింది.

“మూడో బిడ్డ వద్దు... ఏమిటి మామయ్యగారూ, ప్రభుత్వం మళ్ళీ మనసు మార్చుకుందా?”