పది పచ్చజొన్న గింజలు

మదన్‌మోహన్ సారుకు జహీరాబాద్‌లో పెట్టిన సంతాప సభలో అందరికంటే బాగా మాట్లాడింది నేనేనట. ఆ మెచ్చుకోళ్లకి ఒళ్లు మండిపోయింది, నా మీద నాకే.

సారు హైదరాబాద్‌లో మాకు వృక్షశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. నాకు జహీరాబాద్ కాలేజీలో ఉద్యోగం రాగానే డబ్బాడు పచ్చజొన్న విత్తనం చేతిలో పెట్టి, "ఏటా విత్తు స్నిగ్ధా, లేకపోతే చచ్చిపోతుంది" అన్నారు. మూడేళ్లుగా అది బీరువా మీదే ఉంది. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా "విత్తాను సార్, బ్రహ్మాండంగా వచ్చింది" అనేదాన్ని. పిచ్చి మనిషి, ఎంత సంబరపడేవారో!

సభ అయ్యాక ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చిన ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది. పేరు మణెమ్మ. సారుకు ఆ విత్తనం ఇచ్చింది ఆమేనట.

"పోయినేడు వానలకు నా బుట్టల విత్తనమంత బూజు పట్టింది బిడ్డా. సారేమో ఫికర్ జెయ్యకు, స్నిగ్ధ తాన విత్తనం పానంతోని ఉన్నదన్నడు. జర ఇయ్యరాదు?"

ఆమెను ఇంటికి తీసుకెళ్లి డబ్బా దించాను. మణెమ్మ చెయ్యి పెట్టి కెలికింది.

"పురుగు పట్టకుంట కలిపే బూడిదేది? యాపాకేది?"

"మూడేళ్ల నుంచి విత్తలేదమ్మా. సారుకు అబద్ధం చెప్పాను."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పది గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూటకట్టింది. సారు క్లాసులో మాకు నేర్పిన మొలక పరీక్షే అది. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో అప్పుడు అర్థమైంది.

"నాలుగొద్దులకు మా ఇంటికి రా" అని మూట, డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ నాలుగు రోజులూ అన్నం సహించలేదు. ఝరాసంగం వెళ్లేసరికి మణెమ్మ అరుగు మీద నా కోసమే కూర్చుని ఉంది. మూట విప్పింది. తొమ్మిది గింజలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఒక్కదానికి తెల్లటి మొలక.

"డబ్బ మొత్తం విత్తుదం. ఎన్ని లేస్తే అన్ని" అంది.

నా చెయ్యి దానంతటదే ఫోన్ తీసి సారు నంబరు వెతికింది.

"ఎవరికి జేస్తున్నవ్?"

"సారుకు. ఒకటి మొలిచిందని..."

"నిజం జెప్పే యాళ్లకు ఆయన లేకపాయె గద బిడ్డా."

సభలో మాట్లాడుతూ నేను ఏడ్చింది ఏడుపే కాదు. ఆ అరుగు మీద ఏడ్చాను.