ఆపకుండా చూసే పనిముట్టు

ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు ఏళ్ల తరబడి వస్తున్న పాత డీబగ్గర్‌ను ఆ సాయంత్రం తీసేయాలి. ప్రోగ్రాము లోపల తప్పు ఎక్కడుందో చూపించే పనిముట్టు అది. ఆఫీసులో దాన్ని ముసలాయన అంటారు. దాని స్థానంలో వచ్చే కొత్త డీబగ్గర్‌ను కొత్తల్లుడు అంటారు. తీసేయమని ఆఖరి మాట చెప్పాల్సింది వదిన. కొత్తదాన్ని సిస్టమ్‌లో చేర్చింది ఆమె మరిది. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటారు.

మధ్యాహ్నం నుంచి వదిన కుర్చీలో కుదురుగా లేదు. కిటికీ దాకా వెళ్తోంది, వస్తోంది.

"ముసలాయన్ని సాగనంపడానికి ముహూర్తం చూస్తున్నావా వదినా?"

"నీ అల్లుడు ఒక్క పని చేసి చూపించాడా నాయనా?"

"పరీక్షలన్నీ పాసయ్యాడు. పెట్టింది నువ్వే!"

ఫోన్ మోగింది. నీళ్ల పంపింగ్ స్టేషన్ ఆపరేటర్. కొత్త సిస్టమ్‌ను ముందుగా అక్కడే వేసి చూస్తున్నారు. అందులో ముసలాయన లేడు.

"అమ్మా, తెర మీద నీటి మట్టం కదలడం లేదు. కాస్త చూడండి. పంపు మాత్రం ఆపకండి, ఆస్పత్రికి నీళ్లు దీంతోనే."

"ఆపనండి. చూస్తానంతే."

నడిచే ప్రోగ్రామును ఆపకుండానే ముసలాయన దాని లోపలికి చూస్తాడు. ఆ అలవాటుతోనే ఆమె మాటిచ్చింది. తన బల్ల దగ్గరి నుంచే స్టేషన్ కంప్యూటర్‌లోకి వెళ్లి, కొత్త డీబగ్గర్‌ను పంపు నడిపే ప్రోగ్రాముకు తగిలించింది. ప్రోగ్రాము నిలిచిపోయింది. దాని నుంచి ఆదేశం అందక పంపూ నిలిచిపోయింది.

"అమ్మా! ఆపనన్నారు కదా!"

ప్రోగ్రామును మళ్లీ నడపమని చెప్పబోయి ఆమె ముసలాయనకు ఇచ్చే పాత ఆదేశం కొట్టింది. అర్థం కాలేదంది కొత్తది. మళ్లీ అదే కొట్టింది. మరిది కీబోర్డు లాక్కుని కొత్త ఆదేశం కొట్టాడు. ఫోన్‌లో మోటారు చప్పుడు మొదలైంది.

ప్రోగ్రాము ఆగినప్పుడు ఎక్కడ చిక్కుకుందో ఆమె చూసింది. మట్టం చదివే భాగం సెన్సార్ జవాబు కోసం గడువు లేకుండా ఎదురుచూస్తోంది. సెన్సార్ తీగ పీకి మళ్లీ పెట్టమని ఆపరేటర్‌కు చెప్పింది. మట్టం కదిలిందని, పంపు తిరుగుతోందని జవాబొచ్చింది.

"పరీక్షల్లో ఇది ఎందుకు బయటపడలేదు?" అన్నాడు మరిది.

"అన్నీ కూలిపోయిన ప్రోగ్రాముల మీద పెట్టాం. చచ్చినవాడి నాడి చూడమని, వైద్యుడు మంచివాడన్నాం."

"అయినా కొత్తల్లుడు గడప తొక్కితే ఇంట్లో పనులన్నీ ఆగాల్సిందే కదా!"

ఆమె నవ్వలేదు.

"పోనీ, ముసలాయన్నే ఉంచుదామా?"

"కొత్త ప్రాసెసర్ల మీద ఆయన ఒకటుంటే మరొకటి చెబుతున్నాడు. ఆయన వెళ్లాల్సిందే. కానీ నీ అల్లుడు ఆపేముందు అడగాలి. ఆపకుండా చూడటం కూడా నేర్చుకోవాలి. అందాకా నేను సరే అనను."

"పైవాళ్లు సాయంత్రం లోపు అన్నారు."

"అననీ."

మరిది తెర వైపు తిరిగాడు. ఆమె లేచి కిటికీ దాకా వెళ్లింది. వచ్చి స్టేషన్‌కు ఫోన్ చేసింది.

"పంపు తిరుగుతోందా?"

"ఇందాకే చెప్పాను కదమ్మా."

"మళ్లీ చెప్పండి."