న్వే తమేన్‌తో కుట్టిన కోటు

ఫో లమిన్ కుట్టుకొట్టు మెట్లెక్కుతున్నాడంటేనే ఖిన్ న్యోకు తలనొప్పి మొదలయ్యేది. మేనల్లుడంటే ప్రాణమే. కానీ ఆ ప్రాణమే ఇరవై రెండేళ్ళుగా ఆమెను వేయించుకు తింటోంది. కిందటి నెల సైకిలు గొలుసు పట్టుకొచ్చి లుంగీ అంచుకు కుట్టమన్నాడు. మాండలేలో సగం మంది పెళ్ళికూతుళ్ళకు రవికలు కుట్టిన చెయ్యి ఆమెది. ఆ గొలుసుకు మూడు సూదులు విరిగాయి. అంతకు ముందు తాళ్ళబొమ్మలాటలో మంత్రి బొమ్మకుండే రెక్కల కాలరు కావాలని వారం రోజులు ప్రాణం తీశాడు. బొమ్మ మెడకీ మనిషి మెడకీ తేడా ఉంటుందిరా అని ఎంత చెప్పినా వింటేనా.

వాడి పాటలూ అంతే. ఒక పక్క రాజుల కాలం డోళ్ళు, ఇంకో పక్క చెవులు చిల్లులు పడే గిటార్లు. తల సగం గొరిగించుకుని, మిగతా సగం పాతకాలం వాళ్ళలా నడినెత్తిన ముడి వేసేవాడు. ఇదేం వేషంరా అంటే, మన తాతముత్తాతలది సగం, నాది సగం అనేవాడు. ఆమెకు ఒళ్ళు మండేది. మండుతూనే కుట్టి పెట్టేది.

ఈసారి వాడు తెచ్చిన మూటను ఆమె విప్పింది. గులాబి రంగు మీద ఆకుపచ్చ అలలు నేసిన అమరపుర పట్టు తమేన్, ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే లుంగీ. వాడి తల్లి న్వేది. ఏడేళ్ళ వాడికి రాకుమారుడి వేషం కట్టి, గుర్రమెక్కించి, బాలభిక్షువును చెయ్యడానికి మఠానికి తీసుకెళ్ళిన రోజున న్వే కట్టుకున్నది. ఆ తరవాత రెండేళ్ళకే ఆమె జ్వరంతో పోయింది.

దీంతో కోటు కుట్టాలట. శనివారం సాయంత్రం పగోడా తిరునాళ్ళలో వేసుకుని పాడాలట.

"ఒరే, ఇది నడుం కింద కట్టుకునేదిరా. భుజాల మీద వేసుకుంటావా?" అంది ఖిన్ న్యో.

"అమ్మదేగా అత్తా," అన్నాడు వాడు. "నాన్నను కూడా రమ్మంటాను. ముందు వరసలో చాప వేస్తాను," అన్నాడు.

వాడి నాన్న తూన్ హ్లా, అంటే ఆమె తమ్ముడు, కొడుకు పాట ఒక్కసారి కూడా విన్నవాడు కాదు. పైగా పెరట్లో తీగ మీద తడి తమేన్ ఆరుతుంటే, దాని కింద నుంచి వెళితే మగవాడి తేజస్సు పోతుందని, బావికి వీధి చుట్టి వెళ్ళే రకం. అలాంటివాణ్ణి ఈ కోటుకు ఎదురుగా కూర్చోబెడతాడట. ఖిన్ న్యో తల కొట్టుకుంది. కాదంటే ఇంకో దర్జీ దగ్గరికి పోతాడు, ఆ దర్జీ అంత మంచి పట్టును పాడుచేస్తాడు. అందుకని తమేన్ నడుము దగ్గరుండే నల్లగుడ్డ పట్టీని విప్పి సొరుగులో పడేసి, నాలుగు రోజులు తిట్టుకుంటూ కుట్టింది. మంత్రి బొమ్మ కాలరుతో సహా.

శుక్రవారం మధ్యాహ్నం ఫో లమిన్ కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే తూన్ హ్లా అక్క కోసం ఊరబెట్టిన తేయాకు లఫే పొట్లం కట్టించుకుని లోపలికొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ అలలను ఆయన గుర్తుపట్టాడు. ముఖం నల్లబడింది.

ఆడదాని నడుము గుడ్డ నెత్తికెక్కించుకుని ఊరి ముందు గెంతుతావా అన్నాడు. సిగ్గూ శరం లేదా అన్నాడు. అక్కను కూడా వదల్లేదు, వాడికి బుద్ధి లేదు సరే, నీ బుద్ధేమైంది అన్నాడు. ఆఖరికి పొట్లం బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించాడు. "అది వేసుకుని పాడితే ఇంక ఇంటికి రాకు."

"సరే నాన్నా," అని ఫో లమిన్ సంచి తీసుకుని కదిలాడు. కోటు మాత్రం విప్పలేదు. పోయేది కోటు కాదు, కొడుకని ఖిన్ న్యోకు అర్థమైంది. వీళ్ళిద్దరూ తప్ప ఆమెకు ఇంకెవరూ లేరు. ఒకడిది మొండితనం, ఇంకొకడిది మూర్ఖత్వం. ఇద్దరి మధ్యా నలిగి నలిగి ఆమెకు విసుగెత్తిపోయింది.

"ఆగరా నువ్వు," అని మేనల్లుణ్ణి గుమ్మంలోనే ఆపింది. తమ్ముడి వైపు తిరిగింది. "తూన్, నీ పర్సు తియ్."

"ఎందుకక్కా?"

"తియ్."

ఆయన తియ్యలేదు. అందులో ఏముందో ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. లాషో ఘాటు రోడ్డు మీద డ్రైవరుగా మొదటిసారి లారీ ఎక్కిన రోజున, భయంతో అన్నం ముట్టని తమ్ముడి కోసం, తమ తల్లి తమేన్ అంచును అరచెయ్యంత కత్తిరించి ఇచ్చింది ఆమే. ఇప్పుడు బల్ల మీదున్న ఇదే కత్తెరతో. అమ్మ కట్టిన గుడ్డ దగ్గరుంటే ఏ కీడూ రాదని. ముప్ఫయ్యేళ్ళు ఆ ముక్కను పర్సులో దాచి, గుండె మీది జేబులో పెట్టుకునే ఆయన లోయలు దాటాడు.

"అది అమ్మది," అన్నాడు తూన్ హ్లా చివరికి.

"ఇది వాడి అమ్మది."

తూన్ హ్లా కొడుకు దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి కోటు దాకా వెళ్ళి ఆగింది, తరవాత మెల్లిగా భుజం మీది అలలను తాకింది.

"కాలరు వంకరగా ఉంది," అన్నాడు గరగరగా. "రేపు ముందు వరసలో కూర్చుంటే నాకదే కనబడుతుంది. సరిచెయ్యమను మీ అత్తను."

అది వంకర కాదు, బొమ్మకు అలాగే ఉంటుందని అరవబోయి ఖిన్ న్యో నోరు మూసుకుంది. ఫో లమిన్ చాప తేవాలంటూ, నవ్వో ఏడుపో తెలియని ముఖంతో మెట్లు దిగి పరిగెత్తాడు.

తూన్ హ్లా వెళ్ళలేదు. సగం తెరిచి ఉన్న సొరుగులోకి చూస్తూ నిలబడ్డాడు. తరవాత ఆ నల్లగుడ్డ పట్టీని బయటికి తీశాడు.

"అది అమ్మది కాదురా, పెళ్ళానిది," అంది ఖిన్ న్యో. "అది నీకు రక్ష కాదు. ఉన్న తేజస్సు కూడా పోతుంది."

"తెలుసక్కా," అన్నాడు. దాన్ని చిన్నగా మడిచి, పర్సులో పాత ముక్క పక్కన పెట్టుకున్నాడు.