వేడి వైపు నడిచే బుడగ

అంతరిక్షంలో, భారం లేని చోట, నూనెలో బుడగ పైకి తేలదు. పుట్టిన చోటే మొండికేసి కూర్చుంటుంది. ఒక పక్క వేడి చేస్తే మాత్రం ఆ వేడి వైపే నడిచి వస్తుంది. అలా బుడగల్ని ఒక మూలకు రప్పించి బయటకు పంపే పరికరం నాది. ఈసారి అంతరిక్ష కేంద్రానికి వెళ్ళేది ఒక్క పరికరమే. అది నాదే కావాలని గంపెడాశ పెట్టుకున్నాను.

మా త్సుకుబా పరిశోధన కేంద్రంలో ఏదీ సమావేశంలో తేలదు. ముందే ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ వెళ్ళి, టీ తాగుతూ ఒప్పించుకోవాలి. సమావేశం తలలూపడానికే. నాకా నేర్పు లేదు. పంపుల మీద పనిచేసే నా సీనియర్ హతనాకా గారు నా అవస్థ చూసి నవ్వారు.

"కుజుమీ, నీకు నోట్లో నాలుక లేదమ్మాయ్! నువ్వెళ్తే అయ్యే పనీ చెడుద్ది. నేను తిరుగుతాలే. లోపాలేమైనా ఉంటే ముందే చెప్పు, అడిగితే నేను తడుముకోకూడదు."

చెప్పాను. నూనె మీద రవ్వంత సబ్బు చేరినా ప్రవాహం ఆగిపోతుంది, బుడగ కదలదు. విరుగుడూ చెప్పాను. సబ్బు మానేసి పరికరాన్ని ఆల్కహాలుతో కడుగుతున్నాను, ఆ తర్వాత ఒక్కసారీ ఆగలేదు.

సమావేశంలో శాఖాధిపతి మోగి గారు గొంతు సవరించుకున్నారు.

"అయితే హతనాకా చేసిన పంపునే పంపుదాం. కుజుమి గారిది మురికి తగిలితే ఆగిపోతుందట. అంతేగా?"

తలలన్నీ ఊగాయి. నేను చెయ్యెత్తాను. ఆ గదిలో చెయ్యెత్తడమంటే పెళ్ళిలో తుమ్మడమే.

"అది సరిచేశానండీ! హతనాకా గారికి చెప్పాను కూడా!"

మోగి గారు తెల్లబోయారు. "మీ పరికరాన్ని మీరే వెనక్కి తీసుకున్నారన్నాడే? మీకు చెప్పడానికి మొహమాటమని, మీ తరఫున మా అందరి దగ్గరికీ తిరిగాడు కదమ్మా!"

హతనాకా గారు కాగితాలు సర్దుకుంటూ, "వచ్చేసారి చూద్దాంలే అమ్మాయ్" అన్నారు, ఎంతో ప్రేమగా.

ఒళ్ళు మండిపోయింది. నమ్మించి గొంతు కోశాడు. కానీ ఆయనకు ముందే ఇచ్చిన మాటను ఆ గదిలో ఒక్కరూ వెనక్కి తీసుకోలేదు.

మన కోసం తిరిగిన పెద్దవాళ్ళకు అందరి ముందూ కృతజ్ఞత చెప్పడం మా మర్యాద. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆయన కూడా లేచి నిలబడి ఎదురుచూస్తున్నారు.

"నా కోసం చాలా శ్రమపడ్డారు" అని నడుము వంచి చెప్పాను.