ఓనరు గారు లేరండి

మా సంతలో మగవాడు ఖాళీ బుట్ట పక్కన నిలబడితే చాలు, "ఓనరు గారు" అయిపోతాడు. గొడుగులు బాగుచేసేవాడూ ఓనరు గారే, వాడి పక్కన ఊరికే కూర్చుని సిగరెట్టు కాల్చే బావమరిదీ ఓనరు గారే. ఆడవాళ్ళం మాత్రం అందరం పిన్నులం. పిన్నీ, ఇంకాస్త కిమ్చీ పచ్చడి పెట్టు. పిన్నీ, ఈ చేప తాజాదేనా? నాకంటే పదేళ్ళు పెద్ద ముసలాయన కూడా నన్ను పిన్నీ అనే పిలుస్తాడు. వాళ్ళమ్మకి నేను చెల్లెల్ని ఎలా అయ్యానో ఆ దేవుడికే తెలియాలి.

నా పేరు బోంగ్నే. హార్బరు వైపు గేటు దగ్గర ఎండు నెత్తళ్ళు అమ్ముతాను. నా సంగతి అలా ఉంచండి, చెప్పబోయేది పిల్‌సూక్ సంగతి. దానికి పిల్‌సూక్ అని ఒక పేరుందని నాకూ ఈ మధ్యనే తెలిసింది. మాన్హో అనే కొడుకున్నాడు కాబట్టి ఊరందరికీ అది మాన్హో వాళ్ళమ్మ. బస్టాండు దగ్గర పంది ఎముకల సూపు హోటల్లో వంటకి కుదిరి, పడుచుతనమంతా ఆ సూపుతో పాటే మరిగించేసింది. ఆ హోటలాయన బీమా ఏజెంట్లకీ, చర్చి వాళ్ళకీ, సొంత అత్తగారికీ దొరక్కుండా తిరిగే రకం. ఎవరొచ్చి "ఓనరు గారున్నారా" అని అడిగినా "లేరండి, ఇప్పుడే బయటికెళ్ళారు" అని చెప్పమని దీనికి నేర్పాడు. ఆయన ఉల్లికాడల బుట్టల వెనక నక్కి కూర్చుంటే, ఇది గరిటె తిప్పుతూ, మొహంలో రంగు మారకుండా ఆ మాట చెప్పేది. అబద్ధమాడుతున్నానన్న సంగతే మర్చిపోయేంతగా అలవాటైపోయింది.

దాని చేతి పెసర అట్టు తిన్నవాడు మళ్ళీ ఇంకొకరి అట్టు ముట్టడు. పంది కొవ్వు వేసి, పుల్లటి కిమ్చీ కలిపి, అంచులు కరకరలాడేలా కాలుస్తుంది. సొంతంగా ఒక అట్ల కొట్టు పెట్టుకోవాలని దాని కోరిక. ఆ కోరిక మా సంత మహిళా సంఘంలో అందరికీ తెలుసు, దాని మొగుడికి తప్ప. మా సంఘం అంటే పెద్దగా ఏం లేదు, చలికాలం ముందు అందరం కలిసి కిమ్చీ పెట్టడం, ఆకులు ఎర్రబడ్డప్పుడు బస్సు వేసుకుని కొండకి పోయి డాన్సులు చేయడం. అయినా నూనెగింజల కొట్టు పక్కన మూల గది ఖాళీ అయినప్పుడు మేమే దాని వెంట పడ్డాం. ఈసారి చీటీ దానికే వదిలేశాం. బియ్యపు పిండి వంటలు అమ్మే ఓక్‌జా తన పాత పెనం ఇచ్చేసింది.

కొట్టు తెరిచే రోజున మా ఆచారం ప్రకారం నవ్వు మొహమున్న పంది తలని ఏరి తెచ్చి పూజ బల్ల మీద పెట్టాం. ఓనరు గారు ముందుకొచ్చి సాష్టాంగపడాలి అంది ఓక్‌జా. పిల్‌సూక్ మర్యాదగా పక్కకి తప్పుకుని, వెనక ఎవరొస్తున్నారా అని చూసింది. మేమంతా ఆ పంది కంటే గట్టిగా నవ్వాం. నవ్వకుండా ఉండాల్సిందని తర్వాత తెలిసింది.

మా సంతకి ఒక నియమం ఉంది. కొట్టు ఎవరు తీసుకున్నారో వాళ్ళే కొట్లో ఉండాలి. ఇంకొకళ్ళని కూర్చోబెట్టి తాము ఇంట్లో పడుకోవడం కుదరదు. అది చూసి ముద్ర వేయడానికి వ్యాపారుల సంఘం చైర్మన్ ప్యో గారు వచ్చారు. ఆయనకి ముద్ర అంటే ప్రాణం, జేబులో పెట్టుకునే పడుకుంటాడంటారు.

"పిన్నీ, ఓనరు గారున్నారా?" అన్నాడు.

"లేరండి, ఇప్పుడే బయటికెళ్ళారు" అంది పిల్‌సూక్, అట్టు తిరగేస్తూ.

మళ్ళీ వచ్చాడు. ఓనరు గారు ఊరి స్నానశాలకి వెళ్ళారంది. ఇంకోసారి వచ్చాడు. నడుం పట్టేసి సూదుల వైద్యం చేయించుకోవడానికి వెళ్ళారంది. నోరు దాని పని అది చేసుకుపోతోంది, బుర్రకి కబురే లేదు. ప్యో గారు పాపం మంచివాడే, మర్నాడు రోగుల్ని చూడటానికి పట్టుకెళ్ళే పండ్లరసం సీసాల పెట్టె ఒకటి కొనుక్కొచ్చి, ఓనరు గారికి ఇమ్మన్నాడు. ఇది రెండు చేతులతో అందుకుని, తప్పకుండా ఇస్తానండీ అంది.

వారం తిరగకుండా కొట్టు తలుపు మీద కాగితం అతికించాడు. వచ్చే సంత రోజుకి ఓనరు గారు స్వయంగా కనబడకపోతే గది రద్దు, ఆ మూల ఫోన్ కవర్లు అమ్మే కుర్రాడికి ఇచ్చేస్తారు. ఆ కుర్రాడు ప్యో గారి మేనల్లుడే.

నాకు ఒళ్ళు మండిపోయింది. అట్లకాడ లాక్కుని అడిగాను. "ఈ కొట్టుకి ఓనరు ఎవరే?"

"నేనే కదక్కా" అంది.

"మరి ఆ పండ్లరసం పుచ్చుకున్నదెవరే?"

అది ఏడుపు మొదలెట్టింది. "నోట్లోంచి అదే వచ్చేస్తోందక్కా. ఓనరు గారూ అని ఎవరైనా అంటే నాకు వెనక ఎవరో ఉన్నట్టే ఉంటుంది. ఇది కూడా పోతే మళ్ళీ ఆ సూపు దగ్గరికే పోవాలి నేను." దాని కన్నీళ్ళు చూస్తే నాకూ ఏడుపొచ్చింది, కానీ నేను ఏడిస్తే తిట్టేవాళ్ళుండరని ఊరుకున్నాను.

నేనూ ఓక్‌జా ప్యో గారి దగ్గరికి పోయి అసలు విషయం చెప్పాం. ఆయన నమ్మలేదు. కాగితాల మీద ఆడవాళ్ళ పేరు పెట్టి వెనక మగవాళ్ళు నడిపించడం తాను చాలా చూశానన్నాడు. ఆమే స్వయంగా తన నోటితో ఓనరు గారికి నడుం నొప్పని చెప్పిందన్నాడు.

ఇక ఒకటే దారి, దాని నోరు మార్చాలి. సంఘం వాళ్ళం వంతులు వేసుకుని ఆ కొట్టు ముందుకెళ్ళి "ఓనరు గారూ" అని పిలవడం మొదలెట్టాం. మొదటి రోజు సంతలో ఉన్న మగవాళ్ళందరూ తిరిగి చూశారు, అది ఒక్కత్తే చూడలేదు. రెండో పూటకి చేపల కొట్టాయన మెడ పట్టేసింది. మమ్మల్ని తిట్టిపోసి, ఎవరు పిలిచినా పలకనని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కొట్టుకొచ్చిన వాళ్ళు పిలిచి పిలిచి వెళ్ళిపోయారు. పక్క కొట్టామె దగ్గర, "పిన్నీ" అని పిలిచి కొనుక్కున్నారు.

పిలవగా పిలవగా దానికి పట్టింది. పట్టడమంటే మామూలుగా కాదు, పిచ్చి పట్టినట్టు పట్టింది. బస్సులో ఎవరో డ్రైవర్ని ఓనరు గారూ అంటే, ఇది లేచి "ఆఁ, చెప్పండి" అంది. ఆదివారం స్నానశాలలో ఒళ్ళంతా సబ్బుతో ఉంది. ఎవరో ముసలమ్మ, ఓనరు గారూ తువ్వాలు కావాలి అని కేకేసింది. ఇది సబ్బుతోనే జారుకుంటూ పరిగెత్తి, గల్లా దగ్గర కూర్చున్నావిడ చేతిలోంచి తువ్వాలు లాక్కెళ్ళి ఇచ్చి, ఇంకేమైనా కావాలా అని అడిగింది. ఓక్‌జా నవ్వలేక వేడినీళ్ళ తొట్టిలో మునిగిపోయింది. అందరి పిలుపులకీ పలుకుతోంది గానీ, తన కొట్లో తాను నిలబడి పలుకుతుందా అన్నదే మా భయం.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. మా పిలుపులు రోజంతా విని విని, దాని మొగుడికి కూడా అలవాటైంది. ఓడ ఉద్యోగం మానేశాక ఆయనకి ఇంట్లో పనేం లేదు. ఈ మధ్య రోజూ వచ్చి కొట్లో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటాడు. మేం ఓనరు గారూ అంటే పేపరు దించి, ముసిముసిగా నవ్వడం మొదలెట్టాడు.

సంత రోజు రానే వచ్చింది. అట్ల కోసం జనం నూనెగింజల కొట్టు దాకా బారులు తీరారు. ప్యో గారు టై కట్టుకుని, చేతిలో ముద్రతో వచ్చాడు. మేనల్లుడు గది కొలవడానికి టేపు పట్టుకొచ్చాడు. మొగుడు మహాశయుడు జుట్టుకి నల్లరంగు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ప్యో గారు తిన్నగా ఆయన దగ్గరికి పోయి, నడుం దాకా వంగి దణ్ణం పెట్టాడు.

"ఇన్నాళ్ళకి కలిశాం. ఇప్పుడు నడుం ఎలా ఉందండీ?"

"ఏదో, పర్లేదండీ" అన్నాడాయన. "ఆ పండ్లరసం మాత్రం చాలా బాగుంది."

నేను నెత్తళ్ళ తట్ట ఎత్తి ఆయన నెత్తిన బోర్లించబోతే ఓక్‌జా నా నడుం పట్టుకుని ఆపింది. మనం చెబితే లాభం లేదక్కా, అదే చెప్పాలి అంది. చెప్పింది నిజమే కాబట్టి ఇంకా కోపమొచ్చింది. ప్యో గారు కాగితం తీశాడు. ముద్ర మీద వేడిగా ఊదాడు. అడ్డంగా ఉన్న పిల్‌సూక్ భుజం మీద వేలితో తట్టాడు.

"కాస్త జరుగు పిన్నీ. ఓనరు గారితో మాట్లాడాలి."

అది తిరిగి చూసింది. ఒక చేతిలో అట్లకాడ, పెనం మీద నాలుగు అట్లు. ముందు ప్యో గారిని చూసింది, తర్వాత కుర్చీలో మొగుణ్ణి చూసింది. నోరు తెరిచింది.

"ఓనరు గారు..."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"...పనిలో ఉన్నారు" అంది. "మాట్లాడాలంటే లైన్లో నిలబడండి."

అని అట్టు తిరగేసి, మొగుడి వైపు తిరిగింది. "అది వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ. లేచి ఆ ఉల్లికాడలు తరుగు."

ఆయన లేచాడు. ప్యో గారు వరసలో ముందు నిలబడబోయాడు. వెనకున్న స్కూలు ఆడపిల్లలు ముందుకి దూరొద్దని కసిరితే, పోయి వరస చివర నిలబడ్డాడు. మేనల్లుడు కూడా టేపు చుట్టుకుని ఆయన వెనకాలే నిలబడ్డాడు, ఆకలేసింది కాబోలు. చాలాసేపటికి వంతు వచ్చింది. ప్యో గారు గొంతు సవరించుకుని, ఓనరు గారు మీరేనా అని అడిగాడు.

"నేనే. కారం ఎక్కువ వేయమంటారా?"

వేయమన్నాడు. ముద్ర కూడా వేశాడు, కాస్త పంది కొవ్వు అంటుకుని అలుక్కుపోయింది గానీ చెల్లుతుందట.

ఆ సాయంత్రం సంత సర్దుకునే వేళకి నా గుండె బూరెలా పొంగి ఉంది. మనిషిని తయారుచేశానని గర్వం. తట్టలు కడుగుతూ దాని ఏడుపూ దాని తెగువా తల్చుకుని నాలో నేనే నవ్వుకుంటున్నాను. ఎవరో అమ్మాయి, ఊరికి కొత్తనుకుంటా, ఓనరు గారూ అని పిలుస్తోంది. ఇంకోసారి పిలిచింది. పలకవేమే పిల్‌సూక్, మళ్ళీ మొదటికొచ్చావా అని విసుక్కుని తలెత్తాను. అమ్మాయి నా ముందే నిలబడి ఉంది.

"అట్ల కొట్టు ఆ మూలనమ్మా" అన్నాను.

"అట్లు కాదండీ" అంది. "నెత్తళ్ళు కావాలి. ఈ కొట్టు ఓనరు గారు లేరా?"

మా అత్త పోయినప్పటి నుంచీ ఈ కొట్టు నాదే. తెల్లవారకుండా లేచి హార్బరులో వేలం పాడేది నేను, ఎండబెట్టేది నేను, ఏరేది నేను. నేను అటూ ఇటూ చూశాను. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.