మిగిలిన మూడు డోసులు

ఈ పరీక్ష పద్ధతి నాది. గొప్ప కోసం చెప్పడం లేదు. తిట్టుకోవడానికి ఒక మనిషి దొరకాలి కదా, అందుకు చెబుతున్నాను.

ఊరందరికీ టీకా వేసి చూడాలంటే ఏళ్లు పడుతుంది. తాకితే అంటుకునే ఈ జ్వరం అంతకాలం ఆగదు. అందుకే రోగి దొరికిన చోటే, అతన్ని తాకినవాళ్ల పేర్లు అతని నోటితోనే చెప్పించి జాబితా రాయమన్నాను. జాబితా మూశాక, లోపల ఏముందో ఎవరికీ తెలియని కవరు ఒకటి చింపాలి. లోపల ‘ఈరోజే’ అని ఉంటే అందరికీ టీకా. ‘ఇరవై ఒక్క రోజుల తర్వాత’ అని ఉంటే అందరూ ఆగాలి. ఏ గుంపులో ఎందరు పడిపోయారో చూస్తే, కొద్దిమందితోనే టీకా సంగతి తేలిపోతుంది. కవరు చింపాక మాత్రం ఒక్క పేరూ చేర్చకూడదు. చేర్చారంటే ‘ఈరోజే’ అని కవరు వచ్చిన రోగికి ఊరంతా చుట్టాలైపోతారు.

ఒక వీధిలో రోగి వెల్డింగ్ మేస్త్రి. మూలుగుతూనే ఇరవై ఏడు పేర్లు చెప్పాడు. పేకాట నేస్తాలను కూడా వదల్లేదు. కవరు చింపాను. ఈరోజే.

సూదులన్నీ అయ్యేసరికి పెరట్లోంచి ఒకతను వచ్చాడు. మోచేతుల దాకా సబ్బు నురగ. మేస్త్రి తమ్ముడు, గోడవతల ఇంట్లో టైలర్. మూడు రోజులుగా అన్న వాంతుల గుడ్డలు ఉతుకుతున్నది అతనే.

“మేడమ్, నా పేరుందా?”

లేదు. రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న మెట్ల గొడవలో అన్నదమ్ములకు ఆరేళ్లుగా మాటల్లేవు. అడిగితే మేస్త్రి గోడవైపు తిరిగాడు.

“చాకిరీ చెయ్యమని నేను బతిమాలానా? వాడి పేరు నా నోట రాదు.”

నర్సు నా చెవిలో గొణిగింది. “పదేసి డోసుల సీసాలు మేడమ్. మూడోదాంట్లో ఇంకా మూడున్నాయి. మూత తీసేశాం, సాయంత్రానికి ఎలాగూ పారబొయ్యాలి.”

టైలర్ చొక్కా చేతిని భుజం దాకా మడిచి నిలబడ్డాడు. వెనకే భార్య, ఏడేళ్ల కూతురు.

“జాబితా మూసేశాం” అన్నాను. దొంగచాటుగా ఎవరికో వేశారన్న మాట రాకూడదని, వాళ్ల కళ్ల ముందే పారబోయించాను. నిజం చెప్పొద్దూ, నా కచ్చితత్వానికి నాకే ముచ్చటేసింది.

మేస్త్రి బతికి బట్టకట్టాడు. ఆ ఇరవై ఏడు మందిలో ఒక్కరికీ జ్వరం రాలేదు. మా పెద్దసారు ఫోన్ చేసి శభాష్ అన్నారు.

పదో రోజున టైలర్ పడిపోయాడు. ఇప్పుడు అతని చుట్టూ కొత్త జాబితా. నేనే వెళ్లాను. భార్య పేరు, కూతురి పేరు చెప్పాడు. ఇంకెవరినీ దగ్గరికి రానివ్వలేదట. అంతలోనే అతనికి స్పృహ తప్పింది.

కవరు చింపాను. ఇరవై ఒక్క రోజుల తర్వాత.

టైలర్ భార్య ఏడవలేదు. “ఆరోజు పారబోసినవి మూడు కదా మేడమ్?” అంది.

“అవును.”

“మేమూ ముగ్గురమే.”

రావాల్సిన తేదీ వేసి చీటీ ఆవిడ చేతిలో పెట్టాను. అంతకంటే ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదంటే అబద్ధం. పెట్టె నిండా సీసాలున్నాయి.